తాడు పట్టినవాడి పాట

రెండువేల ఇరవై నాలుగు, ఏప్రిల్ పద్నాలుగవ తేదీ, ఆదివారం. మన్ననూరు దాటి అడవిలోపల, ఇరవై రెండు గుడిసెల తునికిపెంట అనే చెంచుగూడెంలో, ఈదన్న ఇంటి ముందటి పందిరి కింద ఆ ఉదయం ఉన్నవారు ఐదుగురు: తాడు పేనుతున్న ఈదన్న, అతని తల్లి కాశమ్మ, చెల్లెలు ఉమ, ఉమ భర్త ఉపేందర్, వనపర్తి నుంచి ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకొని వచ్చిన మానస.

మానస వనపర్తిలోని ఒక డిగ్రీ కళాశాలలో గ్రంథపాలకురాలు. మూడు వేసవులుగా, చెంచులు పెంట అని పిలుచుకునే ఈ గూడేనికి వస్తూ, కాశమ్మ పక్కన కూర్చుని నలభై పాటలు రికార్డు చేసుకున్నది. గడ్డలు తవ్వుతూ పాడేవి, పిల్లలను నిద్రపుచ్చేవి, రాని వానను పేరుపెట్టి తిట్టే పాట ఒకటి. వాటిని లోకమంతా వినవచ్చునని కాశమ్మ మొదటి ఏడాదే ఒప్పుకున్నది. విన్నంత మాత్రాన అరిగిపోవడానికి అవేమన్నా చెప్పులా అని నవ్వింది కూడా.

నలభై ఒకటవది మాత్రం వేరు.

తేనె కోసం మనిషి కొండచరియ మీది నుంచి తాటి వెంట దిగుతాడు. పైన ఆ తాడు పట్టేవాడు అతని భార్యకు తోడబుట్టినవాడై ఉండాలి. చెల్లెలి కాపురాన్ని చేతుల్లో పట్టుకున్నవాడు పట్టు వదలడని నమ్మకం. ఈదన్న ఇంట్లో దానికి తోడు మరొక నియమం ఉన్నది. తాడు పట్టినవాడు పాడుతూనే ఉండాలి. కింద పొగలో, ఈగల హోరులో వేలాడేవాడికి పైన తనకొక మనిషి ఉన్నాడని తెలిపేది ఆ గొంతే. ఆ పాటకు ముగింపు లేదు. దిగినవాడు తిరిగి వచ్చి బండ మీద కాలు మోపిన క్షణాన, ఏ మాట దగ్గర ఉంటే ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. ఒక వేళకు ఒకే తాడు, ఒకే గొంతు. తాటి మీద మనిషి లేనప్పుడు దాన్ని ఎవరూ పాడరాదు.

కిందటి వేసవిలో ఉపేందర్ గద్దబండ అనే చరియ మీది నుంచి దిగినప్పుడు, ఈదన్న అనుమతితోనే, మానస దాన్ని రికార్డు చేసింది. దాచుకోమన్నాడు, ఎవరికీ వినిపించవద్దన్నాడు. ఆమె దానికి ‘తాడు’ అని పేరుపెట్టి, పాటలన్నీ ఉన్న పెద్ద ఫోల్డరులోనే లోపలి అరలో దాచింది.

ఆ ఆదివారం ఆమె సంబరంగా వచ్చింది. నలభై పాటలు ఇప్పుడు పదిహేడు చోట్ల ఉన్నాయని చెప్పింది. ఎలాగంటే, అన్నీ ఒకే పెద్ద యంత్రంలో పెట్టి తాళం వేసే పద్ధతి కాదిది. పాటలు తీసుకున్న ప్రతివాడి కంప్యూటరూ తీసుకుంటూనే పక్కవాడికి ఇస్తుంది. ఒకటి కాలిపోయినా మిగిలిన పదహారింటిలో పాట బతికే ఉంటుంది. రెండేళ్ల కిందట కళాశాల డిస్కు పాడై, అంతకుముందు వేరే ఊళ్లలో తాను సేకరించినవన్నీ ఒక్క మధ్యాహ్నంలో మాయమైన నాటి నుంచి ఆమెకు పట్టుకున్న భయానికి ఇది మందు.

పదో తరగతి దాకా చదివిన ఉపేందర్ తెర మీది పట్టికను పెదవులతో కూడబలుక్కుంటూ కిందికి వచ్చాడు. చివరి వరుస దగ్గర అతని వేలు ఆగింది.

“మేడం, గిక్కడ తాడు అని ఉన్నదేంది.”

మానస వంగి చూసింది. నలభైతో పాటు అదీ వెళ్లిపోయిందని తల ఎత్తకుండానే చెప్పింది.

ఈదన్న కోపగించుకోలేదు. పేనుతున్న తాటిని ఒళ్లోంచి తీసి, నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు. ఎన్ని చోట్ల ఉన్నదని అడిగాడు. పదిహేడు అన్నది. ఇప్పుడు కూడా పాడుతున్నదా అని అడిగాడు. ఎవరైనా తెరిస్తే పాడుతుందన్నది.

“గట్లయితే నేను పాడరాదు మేడం,” అన్నాడు. “పదిహేడు తావుల నా గొంతే పాడుతుంటే, నా బావ యే తాటి మీద ఉన్నడో గా కొండకు ఎట్ల తెలుస్తది.”

పాడకుండా తాడు పట్టడం ఆ ఇంట్లో లేదు. ఈదన్న పట్టని తాటిని తాను తాకనని ఉపేందర్ అన్నాడు. ఉమకు రెండు వైపులా చిక్కే. భర్త దిగితే ప్రాణభయం, దిగకపోతే ఆ ఏటికి తేనె లేదు. రెంటి మధ్య ఆమె ముఖం తాడులాగే బిగిసింది. చరియ దిగేది అమావాస్య చీకట్లోనే; వచ్చే అమావాస్య మే ఎనిమిదిన. అంటే ఇరవై నాలుగు రోజులు.

“అమాస లోపల అన్ని తావుల మూగవడతదా బిడ్డా?” అని కాశమ్మ అడిగింది.

“పడేటట్టు చేస్త అవ్వా,” అన్నది మానస.

*

అచ్చంపేటలో బస్సు మారి, నాగర్‌కర్నూల్ దాటేసరికి ఎండ తిరిగింది. కిటికీ పక్కన దుక్కి దున్నని ఎర్రచేలు నిద్రలో దొర్లుతున్నట్టు వెనక్కి దొర్లిపోతున్నాయి. మానస కళ్లు మూసుకుంటే పదిహేడు కిటికీలు కనిపించాయి. ఒక్కొక్క కిటికీలో ఒక్కొక్క ఈదన్న, ఖాళీ తాడు పట్టుకొని, కింద ఎవరూ లేని లోయలోకి పాడుతున్నాడు.

బిజినేపల్లి దగ్గర బస్సు ఆగింది. ఆమె పుట్టిల్లు అక్కడికి రెండు కోసుల దూరం. కండక్టర్ టీ తాగి వచ్చేలోగా తన తప్పు ఎక్కడ మొలిచిందో ఆమెకు తెలిసింది.

ఆమె తండ్రి నర్సింహులుది మెట్ట సేద్యం. ఊళ్లో ఎవరికైనా జొన్నవిత్తులు కావలసి వస్తే ఆయన దగ్గరికే వచ్చేవారు. వచ్చినవాడి ముందు గంప మొత్తం పెట్టి, మూత తీసి, ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడు. అడిగినవాడు తన చేతులతో తనకు కావలసినంత తీసుకోవాలి. ఇచ్చేవాడు గంపలోకి చూడరాదు. చూసి ఇచ్చిన విత్తు మొలవదని ఆ ఇంటి నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి తొంగిచూసినందుకు ఆమె వీపు మీద ఒక దెబ్బ కూడా పడింది.

పాటలను పంచడానికి సిద్ధం చేసిన రోజున ఆ ప్రోగ్రామ్ ఆమె ముందు ఒక పట్టిక పరిచింది. ప్రతి పాట పక్కనా చిన్న గడి, ప్రతి గడిలో ఒక టిక్కు. ఏవేవి ఇస్తున్నావో ఒకసారి చూసుకోమన్నది. ఆమె చూడలేదు. ఇచ్చేటప్పుడు చూసుకోవడం ఏమిటన్న బిడియం, ఎక్కడిదో తెలియకుండానే, ఆమె చేతిని నేరుగా కిందనున్న ‘సరే’ మీదికి నడిపించింది.

*

కళాశాలలో కంప్యూటర్లు చూసే శివశంకర్ యాభై దాటినవాడు. ఆ ప్రోగ్రామ్‌ను ఆమెకు నేర్పినవాడు ఆయనే. నేర్పిన రోజున ఆయన పెట్టిన షరతులు చాలా ఉన్నాయి. దాన్ని తయారుచేసినవాళ్ల సొంత పేజీ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దించుకోవద్దన్నాడు. దించినదాన్ని వైరస్ పరీక్ష చేయకుండా తెరవవద్దన్నాడు. కొత్త సినిమాలు, దొంగ ప్రోగ్రాములు దొరుకుతాయి కదా అని చేయి చాచవద్దన్నాడు. తనకు తెలిసిన ఒక ఆఫీసులో గుమాస్తా అలాగే చేయి చాచి, మూడు రోజులు యంత్రాలన్నీ మొద్దుబారేలా చేసి, పైగా నోటీసు కూడా అందుకున్నాడట. టొరెంట్ అన్న పేరు వినగానే దొంగతనమని జడుసుకోవలసిన పని లేదనీ, బండిలో ఏం ఎక్కించామన్నదే గాని బండి నేరం ఎన్నడూ ఉండదనీ ఆయన సిద్ధాంతం.

సోమవారం ఆమె చెప్పినదంతా విని, ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“పుస్తకం వాపసు వస్తే పేజీ పేజీ తిప్పి చూస్తరు. పిల్లగాడు మూల మడిచిండని తగువు పెట్టుకుంటరు. ఇచ్చేటప్పుడు మాత్రం కండ్లు మూసుకుంటరా మేడమ్?”

ఆమె తన తండ్రి గంప సంగతి చెప్పింది. శివశంకర్ నవ్వబోయి మానుకున్నాడు.

తరువాత ఆయన నిదానంగా చెప్పినదాని సారం ఇది. మనం ఇవ్వడం ఆపగలం, ఇచ్చినదాన్ని లాక్కోలేం. తీసుకున్న ప్రతివాడూ ఇప్పుడు ఇచ్చేవాడే. కాబట్టి ఒక్కొక్కరినీ అడిగి, ఆ ఒక్క పాటనూ తీసేయించి, పంచడం ఆపించాలి. నలభై పాటలతో కొత్త మూట కట్టి, పాడినవాళ్ల అనుమతి ఎంతవరకో దాని మీద రాయాలి. అనుమతి లేని పాట మీద ఆమెకు గాని, తీసుకున్నవాడికి గాని ఏ హక్కూ లేదు. తెలియక తీసుకున్నానన్న మాట ఒకసారికి చెల్లుతుంది, తెలిసిన మరునాటి నుంచి చెల్లదు.

పాత మూటను ఇవ్వకుండా, ఎవరెవరి దగ్గర ఉన్నదో మాత్రం కనిపించేలా ఆయన ఆమె ల్యాప్‌టాప్‌లో అమర్చాడు. పేర్లు కనిపించవు, కంప్యూటర్ల గుర్తింపు అంకెలే. మనకు వాళ్ల అంకెలు కనిపించినట్టే వాళ్లకు మనవీ కనిపిస్తాయని హెచ్చరించాడు. ఇందులో ముసుగు వేసుకొని ఎవరూ తిరగలేరని, అందుకే మంచిపనికి మాత్రమే ఇందులోకి రావాలని అన్నాడు.

పదిహేడింటిలో పదిహేను ఆమెకు తెలిసినవారివే. పాటలు తీసుకోమని తానే రాసిన అధ్యాపకులు, విద్యార్థులు, హాస్టళ్లలో చదువుకుంటున్న పెంటల పిల్లలు. ఆమె ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. మొదటి మాట చెప్పడానికే సిగ్గుపడింది. నాలుగైదు ఫోన్ల తర్వాత సిగ్గు అరిగిపోయి, మాటలు నునుపు తేలాయి. పెంటల పిల్లలకు సగం చెప్పగానే అర్థమైంది. ఒక అమ్మాయి ఆ పాటను తెరవనేలేదట. పేరు చూసి భయపడి, పక్కన పెట్టిందట. ఒక అధ్యాపకుడు మాత్రం ఇంత మంచి పాటను అడవిలో పాతిపెట్టడం సంస్కృతికి ద్రోహమని అరగంట ఉపన్యసించాడు. ఆమె అరగంటా విని, పాడినవాళ్లు వద్దన్నారండీ అని మళ్లీ మొదటి మాటే చెప్పింది. చివరకు తీసేశాడు. తెర మీది అంకెలు రోజుకు ఒకటి, రెండు చొప్పున ఆరిపోతూ వచ్చాయి. తెల్లవారుతుంటే నక్షత్రాలు పోయినట్టు, పోయిన చోటు కూడా తెలియకుండా పోయాయి.

మూడు మిగిలాయి. అందులో ఒకటి వడ్డేపల్లిది. అక్కడి ఉపాధ్యాయుడు ఇస్రాయేలు ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. మానస పెబ్బేరు మీదుగా బస్సెక్కింది. బీచుపల్లి వంతెన మీద బస్సు మెల్లగా పోతుంటే కింద కృష్ణ వేసవికి చిక్కి, రాళ్ల మధ్య నీలపు చీరలు ఆరేసినట్టు పాయలు పాయలుగా ఉన్నది. ఆ నీళ్లలో చాలా భాగం ఎక్కడెక్కడివో వాగులు తీసుకుంటూ, ఇస్తూ, తీసుకుంటూ తెచ్చినవే కదా అనిపించింది. ఏ నీరు ఏ వాగుదని అడిగితే ఎవరు చెప్పగలరు? ఆ ఆలోచనకు ఆమెకు భయం వేసింది.

ఇస్రాయేలు ఇంటి గడపలో ఆమె నిలుచున్నప్పుడే అతని ఫోన్ మోగింది. మోగింది ఈదన్న గొంతు. ముద్దగా, దీర్ఘంగా, అగాధం అంచున నిలుచున్న మనిషి ఊపిరితో. ఇస్రాయేలు ఫోన్ తీసి, ఎవరితోనో గొర్రెల మందు సంగతి మాట్లాడి, పెట్టేశాడు.

ఆమె చెప్పింది. అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆ పాట వింటే తన మీద ఎవరో చేయి వేసినట్టుంటుందని, అందుకే పెట్టుకున్నానని, ఫోన్ మోగితే ఎత్తకుండా పాట వింటూ కూర్చోవడం అలవాటైందని ఒప్పుకున్నాడు. బడిలోని కంప్యూటరులో ఆ ప్రోగ్రామ్ రెండు నెలలుగా రాత్రింబవళ్లు నడుస్తూనే ఉన్నదట. అది తీసుకోవడం ముగిసిన తర్వాత కూడా ఇస్తూనే ఉంటుందని అతనికి తెలియదు. ఆమెకు తెలియని ఆ రెండు అంకెలకు పాట వెళ్లింది ఇక్కడి నుంచే.

“నా చేతుల నుంచే పోయిందా మేడం?”

“మొదట నా చేతుల నుంచే పోయింది సార్.”

ఇద్దరూ బడికి వెళ్లి, తాళం తీయించి, ఆ పాటను తీసేశారు. ఫోన్‌లోంచి తీసేయడానికి అతనికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

*

రెండు అపరిచితపు అంకెలలో ఒకటి ఏప్రిల్ నెలాఖరుకు తనంత తానే కనిపించకుండా పోయింది. మిగిలినది ఒక్కటి.

అది రోజూ తెల్లవారుజామున ఐదింటికి పది నిమిషాల ముందు వెలిగేది. పది నిమిషాలు ఉండేది. ఆరిపోయేది. ఆ మనిషి ఎవరో, ఏ ఊరివాడో, ఏ దేశంవాడో తెలిసే దారి లేదు. ఉత్తరం రాయడానికి చిరునామా లేదు, పిలవడానికి పేరు లేదు. పోలీసులో, కంపెనీవాళ్లో తప్ప ఆ అంకె వెనుక మనిషిని పట్టలేరని, ఇంత చిన్న సంగతికి వాళ్లు కదలరని శివశంకర్ చెప్పాడు.

మానసకు ఆ వేళకు మెలకువ వచ్చేయడం అలవాటైంది. దీపం వేయకుండా, చన్నీళ్లు ముఖాన చల్లుకొని, తెర ముందు కూర్చునేది. అంకె వెలిగేది. ఆ పది నిమిషాలూ ఆమెకు తాను ఒక లోయ అంచున కూర్చున్నట్టు, అవతలి అంచున మంచులో ఎవరో కూర్చున్నట్టు ఉండేది. ఒకసారి అతను ముసలివాడుగా తోచాడు, ఒకసారి జ్వరం వచ్చిన బిడ్డను ఒళ్లో వేసుకున్న తల్లిగా. ఒకనాటి వేకువ కునుకులో ఆ అంకె తాటి ముడులై, ముడి ముడికీ ఒక ఈగ వాలి, ఈగలన్నీ ఒక్క గొంతుతో పాడాయి. మేలుకొని చూస్తే ఐదు దాటింది. తెర ఖాళీగా ఉన్నది.

అతన్ని ఆపాలి. అయినా ఏదో ఒక ఉదయం అతను వెలగకపోతే తనకు దిగులు వేస్తుందని ఆమెకు తెలిసిపోయింది. ఇది మాత్రం శివశంకర్‌కు చెప్పలేదు.

మే ఏడవ తేదీన ఆమె తునికిపెంటకు బయలుదేరింది. ఆ ఉదయం కూడా అంకె వెలిగింది.

దారి పొడుగునా ఆమె ఒక వాక్యాన్ని సాధన చేసింది. అన్ని చోట్లా మూగపోయింది అవ్వా. తేలికైన వాక్యం. పెంటలో దాన్ని పరీక్షించగలవారు లేరు. ఆ మాట చెబితే ఈదన్న పాడతాడు, ఉపేందర్ దిగుతాడు, ఉమ ఇంటికి తేనె వస్తుంది. పదిహేడింటిలో పదహారు అంటే అన్నీ అన్నట్టే కదా అని మన్ననూరు దాకా తనకు తాను చెప్పుకున్నది. జీపు దిగి అడవిలోకి నడుస్తుండగా, తాను చెప్పబోయే ఆ మాట కూడా తాటిలో ఒక పేట అవుతుందని, రేపు దాని మీద ఒక మనిషి బరువు పడుతుందని తోచింది. అక్కడితో ఆ వాక్యాన్ని వదిలేసింది.

పందిరి కింద మళ్లీ ఆ ఐదుగురే. ఆమె నిలబడే చెప్పింది.

“పదహారు తావుల మూగవడ్డదవ్వా. ఒక్క తావు మిగిలింది. ఆ మనిషి ఎవరో నాకు తెల్వదు. ఆపలేకపోయిన.”

ఈదన్న తల వంచుకున్నాడు. కాశమ్మ మాత్రం ఆ మనిషి సంగతి అడిగింది. ఎప్పుడు తెరుస్తాడు, ఎంతసేపు ఉంటాడు. మానస చెప్పింది. ముసలామె పొగాకు చుట్టను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, అడవి వైపు చూస్తూ, ఆ వేళను లోపల కొలుచుకున్నది.

“గంత పొద్దుగాల లేసి గా పాట ఇనేటోడు సుఖంగున్నోడు కాదు బిడ్డా,” అన్నది చివరకు. “వాడు గూడ యాడనో యేలాడుతున్నడు. పైన పట్టెటోడు లేడు వానికి.”

ఆమె చుట్టను కొంగున ముడివేసుకున్నది.

“గుంజుకోకుర్రి. వానికే ఇడువుర్రి దాన్ని.”

“మరి నేనేం పాడాలె అమ్మా?” అన్నాడు ఈదన్న. ఆ గొంతులో యాభై ఏళ్ల మగవాడు లేడు, దారి తప్పిన పిల్లవాడు ఉన్నాడు.

ఉపేందర్ అప్పటిదాకా గోడకు ఆనుకొని, గోరుతో పుల్ల గీరుతూ ఉన్నాడు. “పాట నేనెన్నడు ఇన్న బావా,” అన్నాడు. “కింద గంత హోరుల మాటలు ఇనవడ్తయా. నీ గొంతు ఇంట. నువ్వున్నవని ఇంట, గంతే.”

“పాట లేకుంటె గొంతెట్ల లేస్తది?”

“పొద్దందాక నన్ను తిట్టవా? తిట్టు. దానికి రాగమెందుకు.”

ఉమ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇరవై మూడు రోజుల తర్వాత మొదటి నవ్వు.

*

మరునాడు పొద్దు గద్దబండ వెనక్కి వాలుతుండగా ఈదన్న, ఉపేందర్ తాడు కట్టారు. మానస, కాశమ్మ, ఉమ వాగుకు ఇవతలి గుట్ట మీద కూర్చున్నారు. మానస ఫోన్‌ను గుడిసెలోనే వదిలి వచ్చింది. కొండ అంచున పొగ లేచి, నీలంగా వంగి, చరియ వెంట జారింది. దాని వెనుక తాటి కొసన ఉపేందర్ మసక చుక్కలా కిందికి కరిగిపోయాడు. ఈగల హోరు ఎక్కడో దూరాన రైలు పోతున్నట్టు మొదలైంది.

ఆ తర్వాత ఈదన్న గొంతు.

మొదట అది తడబడింది. పాటకు అలవాటుపడిన గొంతు మాటకు దారి వెతుక్కున్నది. ఉపేందర్ పెళ్లినాడు పీటల మీదనే నిద్రపోయిన సంగతి ఎత్తుకున్నాడు. అటు తర్వాత అతను కుందేలు కాల్చబోయి మీసాలు కాల్చుకున్న వైనం, అలిగి మూడు రోజులు చెట్టెక్కి కూర్చున్న వైనం, ఉమ చేతి గంజి బాగాలేదన్నందుకు గంజికుండతోనే సమాధానం అందుకున్న వైనం. ఒక తిట్టు, ఒక ముచ్చట, ఒక దగ్గు, మళ్లీ తిట్టు. లోయ ఒక్కొక్క మాటనూ అందుకొని, అటూ ఇటూ తిప్పి, కాస్త మెత్తబరచి కిందికి వదిలింది. చీకటి చిక్కబడే కొద్దీ మాటల అంచులు కరిగి, ఒంటి గొంతు మాత్రం నిలిచింది. అది పాటా, మాటా అని తేల్చుకోవడం మానస మానేసింది.

ఒకచోట గొంతు ఆగింది. ఉమ చేయి వచ్చి మానస మణికట్టును పట్టుకున్నది. హోరు తప్ప ఏమీ లేదు. కాశమ్మ కళ్లు మూసుకున్నది.

“ఏంది బావా,” అన్నది ఈదన్న గొంతు, నీళ్లు తాగిన తడితో, “మల్ల నిద్రవోయినవా?”

కింది నుంచి, పొగలోంచి, ఒక పొడుగాటి బూతు పైకి వచ్చింది. వెంట నవ్వు కూడా. పాటకు ఇన్ని తరాలలో కింది నుంచి జవాబు రాలేదు, రావలసిన చోటు ఆ పాటలో లేదు. కాశమ్మ ఇంకా కళ్లు తెరవకుండానే, ఇది బాగున్నదన్నట్టు, తల ఆడించింది.

ఉపేందర్ కింది నుంచి తాటిని రెండుసార్లు కుదిపిన తర్వాత ఈదన్న పైకి లాగాడు. మనిషి బండ మీద కాలు మోపాడు. ఈదన్న ఏదో మాట మధ్యలో ఉన్నాడు. అక్కడే ఆపేసి, బావను పట్టుకొని కూర్చున్నాడు.

*

మే తొమ్మిదవ తేదీ ఉదయం, తేనె వడకట్టడం అయిన తర్వాత, కాగితం రాశారు. అడిగింది ఈదన్న. నోటిమాట మీద ఇంత పరేషాన్ అయినప్పుడు, కాగితం ఉంటే ఇద్దరికీ మంచిదన్నాడు. మానస ఒక్కొక్క మాట చదువుతూ, వాళ్లు సరేనన్నదే రాసింది.

కింద పేరుపేరునా రాసిన నలభై పాటలను ఎవరైనా తీసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. కాశమ్మ పేరు, పెంట పేరు వాటితోపాటే పోవాలి. అమ్మరాదు, కోసి అతకరాదు. ఇకముందు ఏ మూట కట్టినా, పంచడానికి ముందు దానిలోని పట్టికను ఈ పందిరి కింద పైకి చదివి వినిపించాలి. తాటి పాటను మానస గాని, ఇంకెవరు గాని మళ్లీ ఇవ్వరాదు. ఇప్పటికే వెళ్లిపోయిన ఒక్కదాన్ని వాపసు అడగము. నిన్న గద్దబండ మీద పలికిన మాటలను గురించి ఇందులో ఏమీ రాయవద్దని ఉపేందర్ పట్టుబట్టాడు. మీసాల సంగతి జిల్లా దాటితే తాను మళ్లీ చెట్టెక్కుతానన్నాడు.

‘వాపసు అడగము’ అన్నచోట మానస కలం కొంచెం ఆగింది. అక్కడ ‘అతన్ని’ అని రాయాలా, ‘ఆమెను’ అని రాయాలా తెలియలేదు. కాశమ్మను అడిగితే, మనిషిని అని రాయమన్నది.

ఈదన్న తన పేరులోని మూడు అక్షరాలను మూడు రాళ్లు పేర్చినట్టు పేర్చాడు. కాశమ్మ వేలిముద్ర వేసి, వేలిని తల వెంట్రుకలకు తుడుచుకున్నది. ఉమ, ఉపేందర్ సాక్షి సంతకాలు పెట్టారు. మానస అందరికంటే కిందుగా, తేదీ వేసి, సంతకం చేసింది. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి దాకా మొత్తం చదివిన తర్వాతనే చేసింది. రెండవ ప్రతిని సంచీలో పెట్టుకున్నది.

మొదటి ప్రతిని ఈదన్న నాలుగు మడతలు పెట్టాడు. ఉమ దాన్ని రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో దూర్చి, రేకుపెట్టెలో బట్టల అడుగున పెట్టి, మూత వేసింది.